బీజెడ్‌సీలో చేరమంటారా, వద్దంటారా?

నీ ప్రశ్న రెండుసార్లు చదివానమ్మా. ఇంటర్ బైపీసీలో మార్కులు బాగానే వచ్చాయి, మెడిసిన్ కోసం నీట్ రెండుసార్లు రాశావు, రెండోసారి లాంగ్ టర్మ్ కోచింగ్ తీసుకుని మరీ రాస్తే 720కి 410 దగ్గర ఆగింది. నాన్నగారు ఇంకో ఏడాది ఫీజు కట్టడం నా వల్ల కాదంటున్నారు, మేనత్తగారి అమ్మాయి బీటెక్‌లో చేరి అప్పుడే సెకండియర్‌కి వచ్చేసింది, నీకేమో ఊరికి దగ్గర్లో ఉన్న డిగ్రీ కాలేజీలో బీజెడ్‌సీ, అంటే బాటనీ, జువాలజీ, కెమిస్ట్రీ, సీటు ఉంది. "బయాలజీ డిగ్రీ చేస్తే టీచర్ ఉద్యోగం తప్ప ఇంకేమైనా వస్తుందా? లేకపోతే పేరుకి డిగ్రీలో చేరి పక్కన నీట్‌కి చదువుకోనా?" అని అడిగావు. రెండో ప్రశ్నకి ముందు చెప్తాను, దాని జవాబు చిన్నది కాబట్టి. వద్దు.

ఎందుకు వద్దంటున్నానంటే, పద్నాలుగేళ్లుగా డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్తున్నాను, ప్రతి ఏడూ ఫస్టియర్‌లో అయిదారుగురు రికార్డు బుక్కు కింద నీట్ మెటీరియల్ పెట్టుకుని కూర్చుంటారు, నేను చూడలేదనుకుంటారు పాపం. ఇంటర్నల్స్ వచ్చినప్పుడు నీట్ పోతుంది, మాక్ టెస్టులు వచ్చినప్పుడు ల్యాబ్ పోతుంది. మే నెలలో పరీక్ష రాసొచ్చి మళ్లీ మొహం వేలాడేసుకుంటారు, ఈలోపు డిగ్రీలో ఒక ఏడాది అయిపోతుంది, బ్యాక్‌లాగులు రెండు మిగులుతాయి. వాళ్లలో తర్వాత సీటు తెచ్చుకున్నవాళ్లు లేరని అనను, ఒకరిద్దరు ఉన్నారు, కానీ వాళ్లు కాలేజీకి రావడం మానేసి ఇంట్లో కూర్చుని చదివినవాళ్లే. నీట్ ఇంకోసారి రాయాలని నిజంగా ఉంటే ఇంట్లో మాట్లాడి, ఆ ఒక్కటే పనిగా పెట్టుకుని రాయి. లేదంటే ఆ పుస్తకాలు ఎవరికైనా ఇచ్చెయ్. రెంటికీ చెడ్డ రేవడిలా మధ్యలో నిలబడకు.

నేనెవరో చెప్తే నా మాటని ఎంతవరకు తీసుకోవాలో నీకు తెలుస్తుంది. మాది భీమవరం పక్కన పల్లెటూరు. 1998లో ఇంటర్ అయింది. అప్పట్లో నీట్ లేదు, ఎంసెట్టే, అందులో నాకు మెడిసిన్ ర్యాంకు రాలేదు. దగ్గర్లో ఉన్న కాలేజీలో బీజెడ్‌సీలో వేశారు. చేరాను అని కూడా అనలేను, వేశారు అంతే. మొదటి ఆరు నెలలూ నేనూ నీలాగే ఎవరైనా "ఏం చదువుతున్నావమ్మా" అంటే "డిగ్రీ" అని ఊరుకునేదాన్ని. తర్వాత విశాఖపట్నంలో ఎమ్మెస్సీ జువాలజీ, భీమిలి వైపు ఒక రొయ్యల హ్యాచరీ ల్యాబ్‌లో రెండేళ్లు, హైదరాబాద్‌లో ప్రాజెక్ట్ అసిస్టెంట్‌గా కొన్నాళ్లు, నానా తంటాలు పడి పీహెచ్‌డీ, ఇప్పుడు పాఠాలు. అంటే నువ్వు భయపడుతున్న దారిలోనే నడిచొచ్చాను. అందులో ముళ్లెక్కడున్నాయో తెలుసు, నీడ ఎక్కడుందో కూడా తెలుసు.

ముందు ఒక సంగతి. ఇంటర్‌లో నువ్వు చదివింది బయాలజీ కాదు, బయాలజీ బిట్లు. నువ్వు తెలివితక్కువదానివని కాదు, ఆ పద్ధతే అంత. బొద్దింక గుండెలో ఎన్ని గదులు, 13. ఉల్లిపాయలో క్రోమోజోములు ఎన్ని, 16. కరెక్టే. ఆ 16ని నువ్వెప్పుడైనా చూశావా?

నేను చూసిన రోజు బాగా గుర్తుంది. ఫస్టియర్‌లో మా బాటనీ మాస్టారు ఒక ఉల్లిపాయని గాజు గ్లాసు మూతి మీద, అడుగు నీళ్లకి తగిలీ తగలనట్టు పెట్టమన్నారు. మూడు రోజులకి తెల్లటి వేళ్లు వచ్చాయి. పొద్దున్నే వచ్చి వేరు కొసలు కత్తిరించాలి, కణాలు ఆ వేళప్పుడే ఎక్కువ విభజనలో ఉంటాయి అన్నారు. కత్తిరించి ఒక పాలు ఎసిటిక్ యాసిడ్, మూడు పాళ్లు ఆల్కహాల్ కలిపిన సీసాలో రాత్రంతా ఉంచాం. మర్నాడు కొస దగ్గర రెండు మిల్లీమీటర్ల ముక్క మాత్రం స్లైడు మీద పెట్టి, ఎసిటోకార్మిన్ అనే ఎర్రరంగు చుక్క వేసి, స్పిరిట్ దీపం మీద మరగకుండా వెచ్చబెట్టి, కవర్ స్లిప్ వేసి, పైన బ్లాటింగ్ పేపర్ పెట్టి బొటనవేలితో నొక్కాలి. ఆ నొక్కడంలోనే ఉంది కష్టమంతా. తక్కువ నొక్కితే కణాలన్నీ గుట్టగా కనిపిస్తాయి, ఎక్కువ నొక్కితే కవర్ స్లిప్ పుటుక్కుమంటుంది. నేను నాలుగు పగలగొట్టాను. అటెండర్ బాబాయి "అమ్మాయ్, డబ్బాలో ఇంక ఆరే ఉన్నాయి" అన్నాడు. అయిదో స్లైడులో, మూల మీద, ఒకే ఒక్క కణంలో ఎర్రటి దారాలు రెండు గుంపులుగా చీలి చెరోవైపు పోతూ కనిపించాయి. అనాఫేజ్, కణం విడిపోయేటప్పుడు క్రోమోజోములు చెరోవైపు పోయే దశ. ఇంటర్‌లో పదిసార్లు బొమ్మ గీసిన అనాఫేజ్. బొమ్మలో అవి నాలుగే ఉంటాయి, చక్కగా అరటిపళ్లలా వంగి ఉంటాయి. ఇక్కడ చిందరవందరగా ఉన్నాయి, ఒకటి వెనకబడి మధ్యలో ఉండిపోయింది. అది ఎందుకు వెనకబడింది సార్ అని అడిగాను. ఆయన నవ్వి "నాకూ తెలీదు, చూసుకో" అన్నారు. పరీక్షలో రాని ప్రశ్న నేను అడగడం అదే మొదలు.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, బయాలజీ మేజర్‌గా తీసుకోవాలా వద్దా అన్నది మార్కుల్ని బట్టి తేలదు. ఇలా నాలుగు కవర్ స్లిప్పులు పగిలాక అయిదోది తీసే ఓపిక నీకుందా, తీశాక కనిపించింది చూసి నీకేమైనా అనిపిస్తుందా, దాన్ని బట్టి తేలుతుంది. అనిపించకపోతే తప్పేం లేదు, అప్పుడు బీఫార్మసీయో, నర్సింగో, అగ్రికల్చర్ బీఎస్సీయో చూసుకో, వాటికి ఉద్యోగం దారి తిన్నగా ఉంటుంది. అగ్రి బీఎస్సీ నాలుగేళ్లు, దానికి ఈఏపీసెట్ ర్యాంకు కావాలి, అది వేరే లెక్క. అనిపిస్తే మాత్రం బీజెడ్‌సీ చాలామంది అనుకున్నంత పనికిరానిది కాదు. దాన్ని పనికిరాకుండా చేసేది ఆ మూడేళ్లూ మనం గడిపే తీరు.

ఆ తీరు ఎలా ఉంటుందో చెప్తాను, కొంచెం చేదుగా ఉన్నా విను. సెమిస్టర్ పరీక్షకి ఇంపార్టెంట్ ఎస్సేలు ఓ పది, షార్టులు ఓ పదిహేను గైడులోంచి బట్టీపడితే ఫస్ట్ క్లాస్ వచ్చేస్తుంది. రికార్డు సీనియర్ దగ్గర తెచ్చుకుని గీసేయొచ్చు. కొన్ని కాలేజీల్లో ల్యాబ్ తాళం ప్రాక్టికల్ పరీక్షలకి వారం ముందు తీస్తారు. నేను చదివిన కాలేజీలో మైక్రోస్కోపులు ఇరవై ఉండేవి, పనిచేసేవి ఏడు. జువాలజీలో డిసెక్షన్లు కూడా ఇప్పుడు లేవు, 2014లో యూజీసీ ఆపించేసింది, చార్టులూ మోడళ్లే. (కప్పలకి మంచిదే. కానీ దాని బదులు ఏం నేర్పాలో చాలాచోట్ల ఎవరూ ఆలోచించలేదు.) ఇలాంటి చోట ఎవరూ నిన్ను ఏమీ చెయ్యమనరు. మూడేళ్లు హాయిగా గడిచిపోతాయి, చేతిలో కాగితం ఉంటుంది, ఇంటర్వ్యూలో "పైపెట్ పట్టుకోవడం వచ్చా" అంటే నోట మాట రాదు. మా స్టూడెంట్లు ఇంటర్వ్యూ నుంచి వచ్చి చెప్పిన మాట ఇది.

కాబట్టి అడగాలి. ల్యాబ్ అటెండర్‌తో స్నేహం చేసుకో, ప్రిన్సిపాల్ కంటే నీకు ఆయనే ఎక్కువ పనికొస్తాడు, ఏ బీరువాలో ఏ కెమికల్ ఉందో ఆయనకే తెలుసు. వారానికి ఒక మధ్యాహ్నం ల్యాబ్ తెరిచి ఉంచమని మేడమ్‌నో సార్‌నో అడుగు, నలుగురు కలిసి అడిగితే కాదనేవాళ్లు తక్కువ. పెరుగుని నీళ్లలో పలచన చేసి గ్రామ్ స్టెయినింగ్, అంటే బాక్టీరియాకి రంగు పట్టించడం, చెయ్యి, ఊదారంగు గొలుసులూ కడ్డీలూ కనిపిస్తాయి. చెరువు నీళ్లు చుక్క చూడు. బొప్పాయి ఆకు కాడ మధ్యలో కాండాన్ని పెట్టి బ్లేడుతో సెక్షన్లు కోయడం నేర్చుకో, కాగితమంత పలచగా రావాలంటే నెల పడుతుంది. మీ వీధిలో కలుపు మొక్కలు యాభై పోగేసి, ఎండబెట్టి కాగితాలకి అంటించి హెర్బేరియం చెయ్యి, వాటి తెలుగు పేర్లు మీ నాయనమ్మని అడుగు, శాస్త్రీయ నామాలు నువ్వు వెతుకు. వీటికి పెద్ద ఖర్చేమీ ఉండదు.

ఇక సబ్జెక్టుల ఎంపిక. ఇక్కడ చాలామంది పేరు చూసి పడిపోతారు. బయోటెక్నాలజీ అంటే గొప్పగా వినిపిస్తుంది, బాటనీ అంటే పాతకాలంలా వినిపిస్తుంది. నా అభిప్రాయం సూటిగా చెప్తున్నా: ల్యాబ్ లేని బయోటెక్ కంటే ల్యాబ్ ఉన్న బాటనీ వెయ్యి రెట్లు నయం. డీఎన్‌ఏకి కాపీలు తీసే పీసీఆర్ మెషీన్ లేని కాలేజీలో పీసీఆర్ మీద ఎస్సే రాసి ఏం లాభం? రెండోది, కెమిస్ట్రీని వదలకు. బీజెడ్‌సీలో ఉన్న ఆ చివరి సీయే చాలామందికి అన్నం పెట్టింది, దాంతో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ వైపు వెళ్లి హైదరాబాద్ ఫార్మా కంపెనీల్లో స్థిరపడ్డవాళ్లు నా బ్యాచ్‌లోనే ఉన్నారు. తెలంగాణలో అయితే దోస్త్ అనే ఆన్‌లైన్ అడ్మిషన్లలో కాంబినేషన్ చూసుకుని ఆప్షన్లు పెట్టుకుంటావు. ఆంధ్రాలో 2023-24 నుంచి సింగిల్ మేజర్, మైనర్ పద్ధతి తెచ్చారు, అంటే మూడూ సమానంగా చదివే పాత బీజెడ్‌సీ కాదు, ఒక సబ్జెక్టే ముఖ్యం. ఊళ్లో అందరూ ఇంకా బీజెడ్‌సీ అనే అంటారు కానీ చేరేది జువాలజీ మేజర్‌కో బాటనీ మేజర్‌కో. ఈ రూల్స్ తరచూ మారుతుంటాయి. అందుకని చేరేముందు నువ్వు తర్వాత చేద్దామనుకుంటున్న ఎమ్మెస్సీ నోటిఫికేషన్ ఒకటి తీసి, అర్హత దగ్గర ఏ సబ్జెక్టు ఎంత చదివి ఉండాలన్నారో చదువు. అది చదవకుండా మైనర్ ఎంచుకుని తర్వాత ఏడ్చినవాళ్లని చూశాను.

టీచర్ తప్ప ఏముందన్నావు. టీచర్ ఉద్యోగాన్ని అంత తేలిగ్గా తీసెయ్యకు, ఎడ్‌సెట్ రాసి రెండేళ్లు బీఈడీ, టెట్, తర్వాత డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్ బయాలజీ. డీఎస్సీ ఎప్పుడు పడుతుందో దేవుడికే తెలియాలి, ఆ ఎదురుచూపే అందులో ఉన్న టెన్షన్. జూనియర్ లెక్చరర్‌కి పీజీ కావాలి, డిగ్రీ లెక్చరర్‌కి దాంతోపాటు నెట్టో సెట్టో, ఆ అర్హత పరీక్ష పాసవ్వాలి. ఇవి నీకు తెలిసినవే. తెలియనివి చెప్తాను.

మా గోదావరి జిల్లాల్లో బయాలజీ చదివినవాడు రొయ్యల చెరువు చూసుకుని బతకగలడు. నేను ల్యాబ్‌లో చేరేటప్పటికి అందరూ టైగర్ రొయ్యే వేసేవారు, అంతకుముందే 1990ల మధ్యలో తెల్లమచ్చ జబ్బు వచ్చి ఊళ్లకి ఊళ్లు మునిగాయి, తర్వాత 2009లో వనామీ అనే ఇంకో రకం రొయ్య వచ్చింది. ఈ మొత్తం వ్యాపారం ల్యాబుల మీద నడుస్తుంది. చెరువు నీళ్లు తెచ్చి పరీక్ష చేయించుకుంటారు, సీడ్, అంటే రొయ్య పిల్ల, కొనేముందు జబ్బు ఉందేమోనని పీసీఆర్ చేయించుకుంటారు. టీసీబీఎస్ అనే ఆకుపచ్చ మీడియం ప్లేటు మీద రొయ్య రసం పూస్తే మర్నాటికి విబ్రియో అనే బాక్టీరియా కాలనీలు వస్తాయి. చక్కెరని పులియబెట్టేవి పసుపుగా, పులియబెట్టనివి ఆకుపచ్చగా. చదువురాని రైతు కూడా "మేడమ్, గ్రీన్ కాలనీలు ఎన్నున్నాయి" అని అడుగుతాడు. మైక్రోబయాలజీ మీద అంత ఆసక్తి నేను ఏ క్లాసులోనూ చూడలేదు, మరి అతని లక్షలు ఆ ప్లేటు మీదే ఉన్నాయి.

ఆ ల్యాబ్‌లోనే నాకు అసలు చదువు వచ్చింది, సిగ్గుపడే సంగతి అయినా చెప్తాను. ఒక సాయంత్రం ఒక ట్యాంకు పిల్లకి తెల్లమచ్చ వైరస్ పీసీఆర్ పెట్టాను. జెల్ మీద యూవీ లైట్ వేస్తే శాంపిల్‌లో సన్నటి గీత. పాజిటివ్. బయట లారీ సిద్ధంగా ఉంది, ఆక్సిజన్ నింపిన కవర్లలో పిల్లని రాత్రికి రాత్రే పంపాలి, రైతు గేటు దగ్గర బీడీ కాలుస్తూ కూర్చున్నాడు. నేను పాజిటివ్ అని రాయబోయాను. సీనియర్ ఒకాయన ఉండేవాడు, నాకంటే పెద్ద డిగ్రీ ఏమీ లేదు, బీఎస్సీయే. జెల్ ఫొటో చూసి, చివరి వరసలో ఏం పోశావని అడిగాడు. నెగటివ్ కంట్రోల్ సార్, ఒట్టి నీళ్లు అన్నాను. "మరి నీళ్లకి కూడా తెల్లమచ్చ వచ్చిందేంటమ్మా?" అన్నాడు. చూస్తే అందులోనూ సన్నటి గీత ఉంది. అంటే కలుషితమైంది నా కెమికల్స్, పిల్ల సంగతి నాకు తెలీనే తెలీదు. పుస్తకంలో కంట్రోల్ అంటే ఏమిటో రెండు మార్కుల ప్రశ్నగా ఎన్నోసార్లు రాశాను, కానీ ఆ వరస వైపు కన్నెత్తి చూడలేదు. లారీ ఆగింది. ఓనరు తిట్టాడు. రాత్రి రెండింటిదాకా కూర్చుని, కొత్త ట్యూబులు, కొత్త నీళ్లతో మళ్లీ పెట్టాను. ఈసారి నీళ్లు శుభ్రం, పిల్లా శుభ్రం. ఆ తర్వాత ఈ రోజు వరకూ ఏ రిజల్టు చేతికొచ్చినా ముందు కంట్రోల్ వైపే చూస్తాను, ఆఖరికి పేపర్లో "ఈ ఆకు రసంతో షుగర్ తగ్గింది" అని చదివినా, తాగనివాళ్లకి ఎంత తగ్గిందో రాశారా అని వెతుకుతాను.

హైదరాబాద్ వైపు చూస్తే ఫార్మా, వ్యాక్సిన్ కంపెనీల్లో క్వాలిటీ కంట్రోల్ మైక్రోబయాలజీ పని ఉంది. షామీర్‌పేట దగ్గర ఈ కంపెనీలుండే జీనోమ్ వ్యాలీ పేరు వినే ఉంటావు. మా స్టూడెంట్ ఒకమ్మాయి ఇంజెక్షన్లు తయారుచేసే చోట చేస్తోంది. తలనుంచి కాళ్లదాకా గౌను వేసుకుని లోపలికెళ్లి, గాల్లో సూక్ష్మజీవులు పడుతున్నాయేమోనని ప్లేట్లు తెరిచిపెడుతుంది, నాలుగు గంటలకి మించి తెరిచి ఉంచకూడదు, వాటిని ఇంక్యుబేటర్‌లో పెట్టి లెక్కపెడుతుంది. స్టెరిలిటీ టెస్టు, అంటే మందులో సూక్ష్మజీవులు లేవని తేల్చేది, అయితే పద్నాలుగు రోజులు చూడాలి. ఒకే పని, ప్రతి అక్షరం రాసిపెట్టాలి, తప్పు రాస్తే కొట్టేసి సంతకం పెట్టాలి, షిఫ్టులు. "బోర్ మేడమ్, కానీ నా వల్ల ఒక సీసా బయటికి పోకుండా ఆగిందని తెలిసిన రోజు నిద్రపట్టలేదు" అంది. మొదట్లో జీతం తక్కువే, రెండు మూడేళ్లు చేశాక కంపెనీ మారితే పెరుగుతుంది. ఎమ్మెస్సీ మైక్రో ఉంటే ఇంకా మేలు.

మెడికల్ కోడింగ్ గురించి ఊళ్లో అందరూ చెప్తుంటారు. అమెరికా ఆస్పత్రుల రిపోర్టులు చదివి ప్రతి జబ్బుకీ చికిత్సకీ ఐసీడీ-10 లాంటి కోడ్‌లు వెయ్యడం. అనాటమీ పదాలు వచ్చినవాళ్లు కావాలి కాబట్టి బైపీసీ నేపథ్యం వాళ్లని తీసుకుంటారు, సీపీసీ అనే సర్టిఫికేషన్ ఉంటే త్వరగా దొరుకుతుంది. ఇంటికి వెంటనే డబ్బు కావాలంటే మంచి పనే, నేను తప్పుపట్టను. కానీ అది బయాలజీ కాదు, ఆఫీసు పని. పైగా కంప్యూటర్లు ఈ పని నేర్చుకుంటున్న వేగం చూస్తే ఇరవై ఏళ్లు దాన్నే నమ్ముకోమని నీకు చెప్పలేను. చేరేముందు లక్ష రూపాయలు కట్టించుకుని "ఉద్యోగం గ్యారంటీ" అనే ఇన్‌స్టిట్యూట్లు మాత్రం చూసుకో, మా పిల్లలు ఇద్దరు అలా పోగొట్టుకున్నారు.

ఫారెస్ట్ సర్వీస్ ఒకటుంది. యూపీఎస్సీ పెట్టే ఐఎఫ్ఎస్ పరీక్షకి బాటనీ, జువాలజీ డిగ్రీ ఉన్నవాళ్లు అర్హులు, కానీ ముందు సివిల్స్ ప్రిలిమ్స్ దాటాలి. అడవి ఇష్టమైతే ఆలోచించు.

పరిశోధన వైపు మనసు పోతే కథ పెద్దది. ఆశ పెట్టను, భయపెట్టను, లెక్క చెప్తాను. డిగ్రీ మూడు, ఎమ్మెస్సీ రెండు, పీహెచ్‌డీ అయిదు నుంచి ఏడు. నీకిప్పుడు ఇరవై అయితే అన్నీ సవ్యంగా జరిగినా ముప్పై దాటుతుంది. ఆడపిల్లవి కాబట్టి మధ్యలో పెళ్లి మాట వస్తుంది, రాదని అనుకోకు, నాకు ఎమ్మెస్సీ ఫైనలియర్‌లోనే వచ్చింది. కానీ ఇది కూడా చెప్పాలి: సీఎస్‌ఐఆర్ నెట్‌లో జేఆర్‌ఎఫ్, అంటే పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్, వస్తే మొదటి రెండేళ్లు నెలకి 37,000, తర్వాత 42,000, ఆపైన ఇంటద్దె, 2023 జనవరి నుంచి ఇవీ లెక్కలు. చదువుకుంటూ జీతం. మా ఇంట్లో పెళ్లి మాట వాయిదా పడింది నా ఫెలోషిప్ డబ్బు చూశాకే, నా వాదనలు విని కాదు.

నెట్ లైఫ్ సైన్సెస్ పేపర్లో పార్ట్ సీ అని ఉంటుంది, 75 ప్రశ్నలిచ్చి 25 రాయమంటారు, ఒక్కోటి నాలుగు మార్కులు. అందులో గ్రాఫులు, ప్రయోగాల ఫలితాలు ఇచ్చి దీన్నిబట్టి ఏమనుకోవచ్చని అడుగుతారు. గైడు బట్టీ పట్టినవాళ్లు అక్కడే బోల్తా పడతారు. ఇంకో దారి డిగ్రీ ఫైనలియర్‌లోనే, ఎమ్మెస్సీ సీట్లకి పెట్టే ఐఐటీ జామ్‌లో బయోటెక్నాలజీ పేపర్ రాయడం, అందులో ఇంటర్ స్థాయి లెక్కలూ ఫిజిక్సూ కూడా ఉంటాయి. సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ. తెలంగాణ యూనివర్సిటీలకి సీపీగెట్, ఆంధ్రాకి పీజీసెట్. మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఏటా సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్ ఇస్తాయి, రెండు నెలలు ఏదో ఒక పెద్ద ల్యాబ్‌లో ఉంచుతారు. డిగ్రీ పిల్లలు కూడా పెట్టుకోవచ్చు, మన చిన్న ఊళ్ల కాలేజీల నుంచి పెట్టేవాళ్లే తక్కువ. నువ్వు సెకండియర్‌లో పెట్టు. రాకపోతే, అర్హత ఉన్నంతవరకూ మళ్లీ పెట్టు.

హైదరాబాద్ వెళ్తే హబ్సిగూడలో జీవకణాల మీద పరిశోధన చేసే సీసీఎంబీ, ఆ పక్కనే తార్నాకలో పోషకాహార సంస్థ ఎన్‌ఐఎన్, అటు పటాన్‌చెరులో మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, ఇటు తిరుపతి వెళ్తే 2015 నుంచి సైన్స్ విద్యాసంస్థ ఐసర్. ఇవన్నీ బస్సెక్కితే చేరేంత దూరంలో ఉన్నాయి. సీసీఎంబీ ఓపెన్ డే పెట్టినప్పుడు మామూలు జనాన్ని కూడా లోపలికి రానిస్తారు, ఒకసారి వెళ్లిరా.

మా భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి బళ్లో చెప్తూనే ఉండేవాళ్లు, గొప్పవాడు, మనవాడు అని. ఏం చేశాడో ఎవరూ చెప్పలేదు. ఎమ్మెస్సీలో ఫాస్ఫరస్ అంచనా వేసే ప్రాక్టికల్ వచ్చింది, ట్యూబులో నీలం రంగు ఎంత ముదిరితే ఫాస్ఫేట్ అంత ఎక్కువ. పద్ధతి పేరు ఫిస్కే-సుబ్బారావు, 1925 నాటిది. ఎవరీ సుబ్బారావు అని చూస్తే మా ఊరాయనే. ఆ పద్ధతి చేతిలో ఉండబట్టే కండరంలో శక్తి ఎక్కడ దాగుంటుందో వాళ్లు పట్టుకోగలిగారు. ఆయన మెట్రిక్ మూడోసారికి పాసయ్యాడని చెప్పి నిన్ను ఊరడించే ఉద్దేశం నాకు లేదు, అందరూ సుబ్బారావులు కారు. ఒక్క కొలత సరిగ్గా కొలవడం కూడా బయాలజీలో పెద్ద పనే అని నాకు ఆ నీలం రంగు దగ్గర అర్థమైంది, అందుకే చెప్పాను.

లెక్కల మాట వచ్చింది కాబట్టి ఇంకొక్కటి. లెక్కలంటే భయపడి బైపీసీ తీసుకున్నవాళ్లలో నేనూ ఒకదాన్ని. అది తప్పించుకోలేవు. సగటు, ప్రామాణిక విచలనం, కై స్క్వేర్, టీ టెస్ట్, ఇవి డిగ్రీలోనే చేత్తో చేసి నేర్చుకో, తర్వాత ఎక్సెల్‌లో, ఆ తర్వాత ఆర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో. స్వయం, ఎన్‌పీటెల్‌లో పాఠాలు ఉచితం. ఇంగ్లిష్ కూడా అంతే, మాట్లాడటం తర్వాత సంగతి, ఒక పరిశోధన పత్రం ముందు పెట్టుకుని డిక్షనరీ పట్టుకుని నెలకొకటి చదువు. మొదటిది చదవడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. అమెరికా అంటావా, బయాలజీ పీహెచ్‌డీకి చాలా యూనివర్సిటీలు ఫీజు మాఫీ చేసి స్టైపెండ్ ఇస్తాయి, ఎమ్మెస్‌కి మాత్రం అప్పు చేయాలి. ఈ తేడా కన్సల్టెన్సీవాళ్లు చెప్పరు. అది ఇప్పుడు కాదు, ఎమ్మెస్సీ అయ్యాక చూద్దువుగాని.

సరే, ఇప్పుడు నువ్వు చేయాల్సింది. ఈ రాత్రికి ఒక ఉల్లిపాయ ఎండిన వేళ్లు గీకేసి గ్లాసు మీద పెట్టు. అది వేళ్లు వేసేలోపు ఆ కాలేజీకి వెళ్లు. నాన్నగారిని కూడా తీసుకెళ్లు. ఆఫీసు రూములో ఫీజు అడిగాక, ఫారం తీసుకునేముందు, బాటనీ ల్యాబ్ ఒకసారి చూపిస్తారా అని అడుగు. తాళం ఎవరి దగ్గరుందో వెతకడానికి ఎంతసేపు పట్టిందో చూడు. లోపల సింకులో నీళ్లు వస్తున్నాయో లేదో, మైక్రోస్కోపుల మీద కవర్లు దుమ్ముపట్టి ఉన్నాయో లేదో, ఎసిటోకార్మిన్ సీసా ఉందో, ఉంటే దాని మీద ఏ సంవత్సరం రాసుందో చూడు. అక్కడ సార్ ఎవరైనా ఉంటే "ఉల్లి వేరు కొస తెస్తే స్లైడు చేసుకోనిస్తారా" అని అడిగి, ఏమన్నారో వచ్చి నాకు రాయి. దగ్గర్లో ఇంకో కాలేజీ ఉంటే అక్కడా ఇదే అడుగు. అప్పుడు ఎక్కడ చేరాలో మాట్లాడుకుందాం.